బోర్డు మీద నా పేరు తీసేయమంటోంది మా పాప

కావలి నుంచి ఒక తండ్రి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆయన చెప్పిన సంగతులు క్లుప్తంగా ఇవీ.

ఆయనకు యాభై రెండేళ్లు. కావలిలో ప్లాస్టిక్ సామాన్ల అంగడి ఉంది. ఇరవై ఒక్క ఏళ్ల కిందట పాప పుట్టిన సంవత్సరమే తెరిచారు, పాప పేరే పెట్టుకున్నారు. బిందెలు, బకెట్లు, కుర్చీలతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుకుంటూ వచ్చారు. ఇప్పుడు పీవీసీ పైపులు, డ్రిప్ సామాను, నీళ్ల ట్యాంకులు, వడ్ల మీద కప్పే పట్టలు, రొయ్యల చెరువుల వాళ్లకు క్రేట్లు కూడా అమ్ముతున్నారు. వీటిలో సగం రైతులకు అరువు మీద పోతాయి, పంట చేతికొచ్చాకే డబ్బు. రోజూ గల్లాలో పడేది మాత్రం క్యారీ బ్యాగులు, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్ల మీద వచ్చేదే. వచ్చిన గిరాకీకి సామాను పెట్టిచ్చే సంచి మీద అంగడి పేరు అచ్చు వేయించారు.

పాప నెల్లూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు స్నేహితులతో కలిసి తుమ్మలపెంట బీచ్‌లో చెత్త ఏరడానికి వెళ్లింది. ఇసుకలో సగం పూడుకుపోయిన సంచి ఒకటి లాగితే, దాని మీద తన పేరే ఉంది. ఇంటికి తెచ్చి, కడిగి, అంగట్లో బల్ల మీద పరిచి, "నాన్నా, నా పేరు ఎక్కడ దొరికిందో చూడు" అంది. గిరాకీ ముందు అలా అనేసరికి ఈయనకు కోపం వచ్చింది. "నువ్వు తొడుక్కున్న డ్రెస్సు ప్లాస్టిక్, చేతిలో ఫోను ప్లాస్టిక్, నువ్వు ఎక్కొచ్చిన బస్సులో సీటు ప్లాస్టిక్. నీకు అన్నం పెట్టింది కూడా అదే" అన్నారు. "అయితే నా ఫీజు ఆ డబ్బుతో కట్టొద్దు, బోర్డు మీద నా పేరు కూడా తీసేయండి" అని ఆ పిల్ల కనుమ రోజే హాస్టలుకు వెళ్లిపోయింది. అప్పటి నుంచి తల్లితోనే మాట్లాడుతోంది.

బావమరిదేమో అంగడి మూసి సెల్‌ఫోన్ల షోరూముకు అద్దెకిమ్మంటున్నాడు. భార్యేమో "చిన్నపిల్ల, పెళ్లయితే తనే మర్చిపోద్దిలే" అంటోంది. డెబ్బై నాలుగేళ్ల తల్లికి పోయిన వేసవిలో కంటి ఆపరేషన్ చేయించారు. ఆమె మనవరాలి కోసం రోజూ అడుగుతోంది. "ఇరవై ఏళ్లు నేను పాపం అమ్ముకుని బతికానా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. గోడౌన్‌లో సంచుల మూటలు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

సమాధానం

మీ ఉత్తరంలో పాపం అనే మాట ఐదుసార్లు వచ్చింది. ముందు దాన్ని పక్కన పెడదాం. మీరు పాపం చేయలేదు. అలాగని మీ పాప తప్పు మాట్లాడిందని కూడా నేను అనను. మీ ఇద్దరూ ప్లాస్టిక్ అనే ఒకే మాట వాడుతున్నారు గానీ, ఆమె కళ్ల ముందు ఇసుకలోంచి లాగిన సంచి ఉంది, మీ కళ్ల ముందు నిమ్మతోటకు పంపిన పైపు ఉంది. మీ గొడవ మొత్తం అక్కడే ఉంది.

ఆ రోజు మీరు ఇచ్చిన జవాబు సంగతి చూద్దాం. అందులో అబద్ధమేమీ లేదు. పాలిస్టర్ గుడ్డ, నీళ్ల సీసా ఒకే పదార్థం. ఒకదాన్ని దారంగా తీస్తారు, ఇంకోదాన్ని సీసాగా ఊదుతారు. కానీ మీ పాప అడిగింది డ్రెస్సు గురించి కాదు. ఒక్క సంచి చూపించి దాని గురించి అడిగింది. మీరు ఆ సంచి వైపు చూడకుండా ఆమె ఒంటి మీది బట్టల వైపు చూశారు. నలుగురి ముందు అడిగిందని మీకు ఎంత కష్టమేసిందో, అడిగినదానికి జవాబు రాలేదని ఆమెకూ అంతే కష్టమేసి ఉంటుంది. మీ మాట నిజమే గానీ, ఆమె ప్రశ్నకు అది జవాబు కాదు.

ఇప్పుడు మీరు మీ అంగట్లో ఒక్కరే నిలబడి ఒక్కో అర చూడండి. ప్రతి వస్తువునూ ఒకటే అడగండి: నా గడప దాటాక ఇది ఎన్నాళ్లు పనికొస్తుంది?

బిందె నుంచి మొదలుపెట్టండి. నేను వింజమూరు వైపు మెట్టలో పెరిగినదాన్ని. మా మేనత్త ఊరి బయట బావి నుంచి ఇత్తడి బిందెతో నీళ్లు తెచ్చేది. ఖాళీ బిందే మూడు నాలుగు కిలోలుండేది, నీళ్లు నిండితే ఇరవై కిలోల దగ్గరికి వచ్చేది. ఆమె నడుం ఎడమ పక్కకు ఒరిగిపోయి ఉండేది, పడుకున్నప్పుడు కూడా ఆ వంపు పోయేది కాదు. ఇంట్లోకి మొదటిసారి ప్లాస్టిక్ బిందె వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ముదురు ఆకుపచ్చది. దాన్ని ఒంటిచేత్తో పైకెత్తి, "ఇందులో ఏముందే, గాలా?" అని నవ్వింది. నాలుగేళ్లకు దాని అంచు పగిలితే, వీధిలోకి వచ్చే అతుకులబ్బాయి ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి, పాత మగ్గు ముక్క ఒకటి కరిగించి పగులు మీద మెత్తాడు. ఆ అతుకుతో ఇంకో ఆరేళ్లు నీళ్లు మోసింది. వేడికి కరగడం, చల్లారితే గట్టిపడడం ఆ జాతి ప్లాస్టిక్ గుణం కాబట్టే ఆ అతుకు నిలిచింది. కుక్కరు పిడి, పాతకాలపు నల్ల కరెంటు స్విచ్చి అలా కరగవు, అవి వేరే జాతి. 1907లో బేక్‌లాండ్ అనే ఆయన కనిపెట్టిన బేకలైట్ ఆ జాతికి పెద్దన్న లాంటిది. వేడికి మెత్తబడదు, కరెంటును దాటనివ్వదు. ఇంట్లో స్విచ్చిని భయం లేకుండా నొక్కడంలో దాని పాత్ర కూడా ఉంది.

పైపుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఇనప గొట్టం అయితే తుప్పు పట్టేది, ఇద్దరు మోయాల్సి వచ్చేది. పీవీసీ పైపును ఒక్క మనిషి భుజాన వేసుకుని పొలానికి పోతాడు. దాని బరువులో సగానికి పైగా క్లోరిన్. అది వచ్చేది మామూలు ఉప్పు నుంచి, మన ఇస్కపల్లి మడుల్లో పండే ఉప్పులాంటి ఉప్పు నుంచే. ఈ మాట మీ పాపకు తెలుసో లేదో అడగండి, సైన్సు చదివే పిల్ల అయితే ఆసక్తిగా వింటుంది. పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటల్లో ఎండాకాలం చెట్టు మొదట్లో చుక్క చుక్కగా నీళ్లు పడేది మీరు అమ్మే ఆ నల్ల పైపుల్లోంచే. అది నల్లగా ఉండడానికి కారణం ఉంది. అందులో కలిపే కార్బన్ మసి ఎండ తగిలి పైపు పెళుసెక్కకుండా కాపాడుతుంది. నీళ్ల ట్యాంకుకు నలుపు ఇంకో మేలు కూడా చేస్తుంది, వెలుతురు లోపలికి పోక పాచి పట్టదు. బోరు అడుగంటిన ఏడాది కాలవ కట్టి నీళ్లు పారించిన తోట ఎండిపోయి, పక్కనే డ్రిప్ పెట్టిన తోట బతికిన సందర్భాలు మన జిల్లాలో రైతుల్ని అడిగితే చెబుతారు.

కనిగిరి, పొదిలి వైపు మాట కూడా చెప్పుకోవాలి. అక్కడ భూమిలో నీళ్లల్లో ఫ్లోరైడ్. పళ్లు గారపట్టి, మోకాళ్లు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్లెవరూ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌ను చెత్త అనలేరు. నది నీళ్లు ఆ ఊళ్లకు రావాలన్నా భూమిలో పూడ్చిన ప్లాస్టిక్ పైపు అవసరమే. కోతల కాలంలో కల్లంలో వడ్లుండగా అర్ధరాత్రి మబ్బు పట్టిందంటే, రైతు పరిగెత్తేది మీరు అమ్మిన పట్ట కోసమే. పుట్టి వడ్లు తడిస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక మీ అమ్మగారి కన్ను. ఆమె ఆపరేషన్ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడ ఆగిపోయాను. పూర్వం శుక్లం తీసేస్తే కంట్లో కటకం లేక, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని తడుముకుంటూ తిరిగేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలు పగిలి కొందరు పైలట్ల కళ్లల్లో ప్లాస్టిక్ ముక్కలు గుచ్చుకున్నాయి. వాళ్లకు వైద్యం చేసిన హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు, ఆ ముక్కలు లోపలే ఉన్నా కన్ను ఎర్రబడి వాచడం లేదని గమనించాడు. 1949 నవంబరులో లండన్‌లో అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన లెన్సును మొదటిసారి ఒక రోగి కంట్లో పెట్టాడు. ఇప్పుడు మడిచి చిన్న గాటు గుండా పెట్టే లెన్సులు వచ్చాయి, అవీ ప్లాస్టిక్ కుటుంబంలోవే. కంట్లో లెన్సు పెట్టించుకున్నవాళ్లలో మీ అమ్మగారూ ఒకరైతే, మనవరాలు ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు ఆమె చూస్తున్న చూపు ఆ చిన్న వస్తువు గుండానే వస్తోంది. ఆమెకు సూదిమందు ఇచ్చిన సిరంజీ, సెలైన్ గొట్టం కూడా అంతే. గాజు సిరంజీలు ఉడకబెట్టి ఒకరికి వాడింది ఇంకొకరికి వాడిన కాలంలో కామెర్లు ఒకరి నుంచి ఒకరికి పాకేవి. ఒక్కసారి వాడి పారేయడం అక్కడ ప్రాణం కాపాడే పద్ధతి. కాబట్టి ఒక్కసారి వాడేవన్నీ చెడ్డవని కూడా అనలేం.

ఇదంతా మీ పాపకు ఉపన్యాసంలా చెప్పడానికి రాయలేదు. మీరు నిద్రపోవడానికి రాశాను.

ఇప్పుడు ఆ సంచుల మూటల దగ్గరికి రండి. అదే ప్రశ్న అడగండి. పలుచని క్యారీ బ్యాగు బండి దగ్గర అరటిపళ్లు తీసుకున్న చోటు నుంచి ఇంటిదాకా, పావుగంట పనికొస్తుంది. వేడి సాంబారు కట్టించుకుపోవడానికి వాడతారు గానీ, ఆ పనికి చేసిన వస్తువు కాదు అది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఏరరు. చెత్త ఏరుకునే మనిషి నీళ్ల సీసాలు నలభై యాభై ఏరితే కిలో అవుతుంది, పలుచని సంచులైతే వందలు ఏరాలి. పైగా అవి మట్టితో, ఎంగిలితో ఉంటాయి. అందుకే సీసా ఎంతో కొంత పాత సామాన్ల అంగడికి చేరుతుంది, సంచి కాలవలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతుంది. ఆవు కడుపులోకీ పోతుంది. మీ పాప లాగింది అలాంటిదాన్నే.

ఇందులో చట్టం కూడా ఉంది, మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు వంటి వాటి తయారీ, నిల్వ, అమ్మకం దేశమంతటా నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలుచని క్యారీ బ్యాగులు కూడా అమ్మకూడదు. మందంగా ఉంటే మళ్లీ మళ్లీ వాడతారని, ఏరేవాడికి కూడా గిట్టుబాటవుతుందని ఆ నియమం. మీ గోడౌన్‌లో ఉన్నవి ఏ మందమో మీకు తెలుసు. పక్క అంగడివాళ్లు అమ్ముతున్నారనేది అధికారులు వచ్చిన రోజు పనికొచ్చే మాట కాదు. ఈ ఒక్క అర విషయంలో పాప మాటే సరైనదని నాకు అనిపిస్తోంది. మీరూ లోలోపల ఒప్పుకున్నారనే అనుకుంటున్నాను. లేకపోతే ఆ మూటలు చూసి టెన్షన్ ఎందుకు?

ఇక మీ ముందున్న దారులు.

అంగడి మూసి అద్దెకివ్వడం ఒకటి. నెల తిరిగేసరికి అద్దె వస్తుంది, తలనొప్పి ఉండదు. కానీ రైతుల దగ్గర ఉన్న అరువు వసూలు కావడం కష్టం, అంగడి నడుస్తుంటేనే వాళ్లు మొహమాటపడి తెచ్చిస్తారు. పైపు కొనేవాడు ఎలాగూ ఇంకో వీధిలో కొంటాడు, సంచి కొనేవాడూ అంతే. సముద్రానికి ఒరిగేదేమీ ఉండదు. అంతకంటే నన్ను కలవరపెట్టేది ఇంకోటి. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల కోపంలో అన్న ఒక్క మాటకు తండ్రి అంగడి మూసేశాడన్న బరువు ఆమె నెత్తిన జీవితాంతం ఉంటుంది. మీకు అంగడి మీదే విసుగొచ్చి ఉంటే మూయండి, మీ ఇష్టం. ఆమె పేరు చెప్పి మాత్రం మూయకండి.

ఏమీ మార్చకుండా కాలానికి వదిలేయడం రెండోది, మీ ఆవిడ అంటున్నది. గల్లా ఎప్పటిలాగే నిండుతుంది. పాప కూడా పండక్కి రావచ్చు, తినొచ్చు, వెళ్లొచ్చు. కానీ ఆ విషయం మీ ఇద్దరి మధ్య అలాగే ఉండిపోతుంది. తనకు ముఖ్యమైన సంగతులు మీకు చెప్పడం మానేస్తుంది. అలా మూసుకుపోయిన ఆడపిల్లల ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. వాళ్లేమీ మర్చిపోలేదు. చట్టం భయం ఎలాగూ ఉంది.

ఆ ఒక్క అర తీసేసి మిగతాది నడుపుకోవడం మూడోది. నాకైతే ఇటువైపే మనసు లాగుతోంది గానీ, ఇది సులువని చెప్పను. రోజువారీ చిల్లర పడిపోతుంది. రెండు పంటల కాలం చెయ్యి బిగబట్టుకోవాల్సి వస్తుంది. పనివాళ్ల జీతాలకు, చీటీ కట్టడానికి ఇబ్బంది పడతారు. అందుకే ఒక్క రోజులో తెంచకుండా, ముందు చట్టం ఒప్పుకోనివి ఆపేసి, మందమైన సంచులు ఉచితంగా ఇవ్వడం మానేసి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టండి. డబ్బు పెట్టి కొన్న సంచిని మనిషి మడిచి ఇంట్లో దాచుకుంటాడు. ఆ ఖాళీ అరలో రోజూ నగదుకు పోయే సామాను పెట్టండి. డ్రిప్ ఉన్న ప్రతి రైతుకూ జాయినర్లు, ఎండ్ క్యాపులు, చిన్న వాల్వులు ఎప్పుడూ పోతూనే ఉంటాయి, చేతిలో డబ్బుతోనే వస్తారు. మిర్చి, పొగాకు నారు పోసేవాళ్లకు ట్రేలు కావాలి. విస్తర్లు, పోక ప్లేట్లు కూడా పెట్టొచ్చు, పెళ్లిళ్ల సీజన్లో అవి బాగా పోతాయి.

ఇంకొక్క పని కూడా చేయగలిగితే అంగడి తీరే మారుతుంది. పగిలిన బిందె, విరిగిన కుర్చీ, చీలిపోయిన డ్రిప్ పైపు తెస్తే కొత్తదాంట్లో కొంత తగ్గించి వెనక్కి తీసుకోండి. చాలా వస్తువుల అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది, అది ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, 2 అంటే హెచ్‌డీపీఈ, 3 అంటే పీవీసీ, 5 అంటే పాలీప్రొపిలీన్. విడివిడిగా పోగేస్తే పాత సామాన్లవాడు కలగాపులగంగా ఇచ్చినదానికంటే మంచి ధర ఇస్తాడు. గట్టు మీద పాత పైపులు కుప్పేసి తగలబెట్టే రైతుల్ని మీరు చూసే ఉంటారు. పీవీసీ కాలితే వచ్చే పొగ ఆసిడ్ పొగ, విషం. ఆ పని వద్దని చెప్పడానికి, ఆ పైపులు అమ్మినవాడికంటే తగిన మనిషి ఎవరున్నారు? దీంట్లో లాభం తక్కువే, చోటు ఎక్కువ పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఏ దారి పట్టినా, ముందు పాపతో మాట్లాడాలి. ఫోన్లో వద్దు. ఒక్కరే నెల్లూరు బస్సెక్కి వెళ్లండి. ప్లాస్టిక్ మంచిదో చెడ్డదో చెప్పడానికి వెళ్లకండి. "ఆ సంచి ఎక్కడ దొరికిందమ్మా, ఇంకా ఏమేం దొరికాయి?" అని అడిగి, మధ్యలో మాట్లాడకుండా వినండి. ఆ రోజు గిరాకీ ముందు అడిగిందని మీకు బాధ కలిగిన మాట కూడా దాచుకోకుండా చెప్పండి. ఫీజు సంగతి మాత్రం బేరం పెట్టొద్దు. చివరి సెమిస్టరు, కట్టేయండి. వద్దంటే "ఇది పైపుల డబ్బు, కావాలంటే లెక్క చూసుకో" అనండి. నిజంగానే చూపించండి. అంగడి పద్దుల పుస్తకం తీసుకెళ్లి ముందు పెట్టండి. ఏ సరుకు మీద ఎంత వస్తోంది, అరువు ఎంత ఉంది, ఆ అర తీసేస్తే నెలకు ఎంత పడిపోతుంది అన్నీ. ఇంట్లో డబ్బు ఎలా వస్తోందో పిల్లలకు చెప్పకుండా పెంచుతాం. ఆ తర్వాత ఆ డబ్బు మీద వాళ్లకు గౌరవం లేదని బాధపడతాం. ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు, నేనూ నా కొడుకు దగ్గర చేశాను.

మీరు తనతో మాట్లాడుతున్నారని ఆమెకు నమ్మకం కుదిరాక, ఒక సంగతి చెప్పండి. 1869లో అమెరికాలో హయట్ అనే ఆయన సెల్యులాయిడ్ కనిపెట్టింది బిలియర్డ్స్ బంతుల్లో ఏనుగు దంతానికి బదులుగా. తర్వాత తాబేటి చిప్పతో చేసే దువ్వెనల బదులు కూడా ఆ సెల్యులాయిడ్ దువ్వెనలే వచ్చాయి. తాబేళ్లను చంపనక్కర్లేకుండా చేసిన వస్తువు అది. ఇప్పుడు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు ప్లాస్టిక్ సంచుల వల్ల, తెగిపోయిన నైలాన్ వలల వల్ల చస్తున్నాయి. ఈ రెండూ నిజమే. మీ పాపకు రెండోది బాగా తెలుసు, మొదటిది మీ దగ్గర వింటే బాగుంటుంది.

గోడౌన్‌లో మూటల్ని హడావిడిగా ఇంకో వ్యాపారికి తక్కువ రేటుకు తోసేయకండి, అవి మళ్లీ అదే సముద్రానికి చేరతాయి. మునిసిపాలిటీ వాళ్లకు అప్పజెప్పండి. నష్టం వస్తుంది, ఎంతో లెక్క రాసి పెట్టండి. వీలైతే అప్పగించే రోజు ఆదివారం పెట్టుకుని పాపను రమ్మనండి. రాకపోయినా చేయండి.

బోర్డు సంగతి అన్నిటికంటే చివర. పేరు ఆమెది, ఉంచాలా తీయాలా అన్నది ఆమే చెప్పాలి. తీసేయమనే అంటే బాధపడకుండా తీసేసి మీ అమ్మగారి పేరు పెట్టుకోండి. కానీ ఇప్పుడే నిచ్చెన వేయొద్దు. ముందు నెల్లూరు వెళ్లి రండి. వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఆ పిల్ల ఏమందో తెలుసుకోవాలని ఉంది.